పన్నెండు పొరలు, ఒకే ముడి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

గత సంచికలో జపాన్ చక్రవర్తి, చక్రవర్తిని దర్బారు దుస్తుల్లో ఉన్న బొమ్మ వేశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచే. రాసినవారిలో నేతగాళ్లు, కలంకారీ పనివాళ్లు, పట్టుపురుగులు పెంచేవాళ్లు, కుట్టుపనివాళ్లు ఎక్కువ. అడిగినవన్నీ పని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలే కాబట్టి జవాబులూ పని లెక్కలోనే ఇస్తున్నాం.

*

మా కళాశాల వార్షికోత్సవానికి దేశదేశాల రాణుల వేషాలు వేయిస్తున్నాం. జపాన్ రాణికి పన్నెండు కిమోనోలు ఒకదానిమీద ఒకటి తొడగాలని పిల్లలు అంటున్నారు. నిజంగా పన్నెండేనా? అవన్నీ జారిపోకుండా ఎలా నిలుస్తాయి? స్టేజీ మీద పదిహేను నిమిషాలు నిలబడే అమ్మాయికి తేలికగా కుట్టించే దారి ఉందా?
- ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, తిరుపతి

పన్నెండు అన్నది లెక్క కాదమ్మా, వాడుక పేరు. 'జునిహితోయె' అంటే పన్నెండు పొరలని అర్థం. దర్బారులో దీని అసలు పేరు 'ఇత్సుత్సుగిను కరగిను మో'. ఆ పేరులోనే భాగాలున్నాయి: అయిదు అంగీలు, పొట్టి పైకోటు, వెనక జీరాడే కుచ్చెళ్ల గుడ్డ.

లోపలి నుంచి బయటికి వరస ఇది. మొదట తెల్లటి 'కొసొదె', ఒంటికి తగిలే అంగీ. దాని మీద 'నగబకమ', పాదాలు దాటి నేల మీద ఈడ్చుకునేంత పొడవున్న పైజామా లాంటిది. పెళ్లయినవారికి ఇది ఎరుపు, కానివారికి ముదురు ఊదా. తర్వాత 'హితోయె', అస్తరు లేని ఒంటిపొర అంగీ. పై అంగీలన్నిటికంటే ఇది కొలతలో పెద్దది. అందుకే లోపల ఉన్నా చేతుల దగ్గరా, కింది అంచు దగ్గరా అన్నిటినీ దాటి బయటికి కనిపిస్తుంది. దాని మీద ఒకే తీరున కుట్టిన అయిదు అంగీలు, అంటే ఇత్సుత్సుగిను. ఆ పైన 'ఉచిగిను'. పూర్వం దీని పట్టును కొయ్య సమ్మెటలతో కొట్టి మెరుపు తెప్పించేవారు, 'ఉచి' అంటే కొట్టడమే. ఆ పైన 'ఉవగి', అందరి కంటా పడే పై అంగీ. దాని మీద నడుము దాకా వచ్చే పొట్టి కోటు 'కరగిను'. చిట్టచివర నడుముకు వెనకవైపు కట్టే 'మో'. బరువు 15 కిలోల పైమాటే, కొన్ని 20 కిలోల దాకా తూగుతాయి.

ఇక నిలబడే సంగతి. గుండీ లేదు, హుక్కు లేదు, పిన్నీసు లేదు. తొడిగేవాళ్లు ఇద్దరు ఉంటారు, ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్నవారు మోకాళ్ల మీద ఉండి పని చేస్తారు. తొడుగుతున్నది ఎంతో గౌరవనీయులకు కాబట్టి ముఖానికి ముఖం ఎదురుగా నిలబడకూడదు. చేతిలో ఉండేవి రెండే తాళ్లు. మొదటి అంగీ వేసి ఒక తాడుతో నడుము దగ్గర కడతారు. రెండో అంగీ వేసి రెండో తాడు బిగిస్తారు. అది బిగిశాక లోపలి తాడును ముడి విప్పి లాగేస్తారు. ఆ తాడే మూడో అంగీకి పనికొస్తుంది. ఇలా తాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పైకి వస్తూ పోతాయి. అంగీలు ఎన్నున్నా వాటి మధ్య తాడు మిగలదు. చివరికి మో తాలూకు సన్నటి కట్టు ఒక్కటే ముందు వైపు ముడిపడి మొత్తం బరువును మోస్తుంది. ఆ ఒక్క ముడి విప్పితే పైజామా మీది అంగీలన్నీ కలిసే విడిపోతాయి, మనిషి అందులోంచి బయటికి నడిచి రావచ్చు. అలా మిగిలిన దుస్తుల గుల్లను జపాన్‌లో 'ఉత్సుసెమి' అంటారు, చెట్టు మీద సికాడా పురుగు వదిలిన గుల్ల అని. మనం కుబుసం అంటామే, ఆ పోలికే.

పొరపాట్లు ఎక్కడ వస్తాయంటే, పై తాడు పూర్తిగా బిగియకముందే కింది తాడు లాగితే లోపలి మెడ అంచులన్నీ ఒక్కసారి జారి తెరుచుకుంటాయి. మళ్లీ మొదటి నుంచి తొడగడమే, పైనుంచి సర్దడం కుదరదు. రెండోది మెడ వెనక మందం. ఎనిమిది తొమ్మిది మెడపట్టీలు ఒకచోట చేరితే వెనక ఉబ్బెత్తుగా లేస్తుంది. వెనకున్న మనిషి ప్రతి పొరకూ నడివీపు కుట్టును కిందికి లాగి వెన్నుపూసకు నేరుగా ఉందో లేదో చూసుకుంటూ పోవాలి. ఒక పొరలో అర అంగుళం పక్కకు పోతే పైపొర దాన్ని ఇంకా పెంచుతుంది. మూడోది రంగుల వరస. మెడ దగ్గర ఒక్కో పొరా కింది పొర అంచును సన్నగా కనిపించనివ్వాలి. అన్నీ సమానంగా కనిపిస్తేనే అందం.

ఈ తొడిగే విద్యను 'ఎమొన్' అంటారు. 12వ శతాబ్దం మొదట్లో తోబ చక్రవర్తి కాలంలో గంజి పెట్టిన బిరుసు దుస్తుల వాడుక వచ్చింది. అంతకుముందువి మెత్తటివి, ఎవరికి వారు కట్టుకోగలిగేవారు. బిరుసు గుడ్డ మడత ఎక్కడ పడితే అక్కడే నిలుస్తుంది కనుక తొడిగే చెయ్యి వేరే కావలసి వచ్చింది. తకకుర, యమషిన అనే రెండు వంశాల పద్ధతులు ఈ నాటికీ ఉన్నాయి. కొండమీద శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి వస్త్రం సమర్పించే పని ఎలా తరాల అలవాటు మీద నడుస్తుందో, ఇదీ అలాంటిదే. చూసి రాసుకుంటే వచ్చేది కాదు.

ఇప్పుడు మీ స్టేజీ లెక్క. అంగీలు అయిదూ కుట్టించవద్దు. జపాన్‌లోనే ఒక సులువు పద్ధతి ఉంది: అంగీ ఒకటే, మెడకూ చేతులకూ అంచులకూ మాత్రం పట్టీలు కుట్టి పొరల్లా చూపిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి ఇలా లెక్క వేసుకోండి. మెడ నుంచి నేల దాకా సుమారు 135 సెంటీమీటర్లు, జీరాడడానికి ఇంకో 40, మొత్తం 175. ముందు, వెనక కలిపి 3.5 మీటర్లు. 44 అంగుళాల పన్నా గుడ్డను నిలువుగా సగానికి చీలిస్తే ఒక సగం కుడి వైపుకు, ఒక సగం ఎడమకు సరిపోతుంది. చేతులకు 1.5 మీటర్లు, అదీ నిలువునా రెండుగా. మెడపట్టీకీ ముందు అతుకుకూ 2 మీటర్లు. పై అంగీ మొత్తానికి 7 మీటర్లు. లోపలి పొరల పట్టీలకు రంగుకు ఒక మీటరు, అయిదు రంగులూ ఒక హితోయె రంగూ కలిపి 6 మీటర్లు. 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, సగానికి మడిచి, ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటరు బయటికి కనిపించేలా మెట్లు మెట్లుగా కుట్టించండి. ఆరింటినీ ఒకే కుట్టులో వేస్తే మిషను సూది విరుగుతుంది. మూడేసి పట్టీలు ముందే జతచేసుకుని తర్వాత కలపాలి. కరగినుకు రెండున్నర మీటర్లు, తెల్లటి మోకు మూడు మీటర్లు, ఎర్ర పైజామాకు అయిదు. గాంధీ రోడ్డు కొట్లలో దొరికే ఆర్ట్ సిల్కు చాలు, బిరుసుగా ఉన్నది చూసి తీసుకోండి. జారే శాటిన్ వద్దు, మడత నిలవదు. ఇలా కుట్టిస్తే బరువు నాలుగైదు కిలోల్లో తేలిపోతుంది. పైజామా మాత్రం అసలుదానిలా ఈడ్చేంత పొడవు వద్దు. దర్బారు స్త్రీలు అడుగు ఎత్తకుండా, గుడ్డ లోపలే పాదాన్ని ముందుకు జరుపుతూ నడుస్తారు. అలవాటు లేని అమ్మాయి రెండో అడుగుకే తొక్కి పడుతుంది. నేలకు తగిలితే సరి.

రంగులు ఎంచుకునే తీరుకు 'కసనె నో ఇరొమె' అని పేరు. ఋతువును బట్టి, ఆ కాలపు పువ్వును బట్టి పొరల రంగులు కలుపుతారు. స్టేజీకి సులువైనది 'నియొయి' పద్ధతి: ఒకే రంగు ముదురు నుంచి లేతకు అయిదు మెట్లుగా దిగడం, దాని పక్కన హితోయె మాత్రం ఆకుపచ్చ లాంటి వేరే రంగు.

మరీ ముఖ్యమైన మాట చివరికి మిగిల్చాం. ముందు భాగంలో వేసుకున్నవారి ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు లోపలికి పోవాలి. ఇది 719లో దర్బారు ఆజ్ఞతో స్థిరపడిన పద్ధతి. తిరగేసి కప్పేది చనిపోయినవారికి. స్టేజీ వేషాల్లో తరచుగా జరిగే తప్పు ఇదే, అద్దంలో చూసి తొడిగితే తప్పకుండా జరుగుతుంది. ఇంకో రెండు: వీపు మీద పెద్ద ముడి ఉన్న వెడల్పాటి నడికట్టు ఈ వేషంలో ఉండదు. ఆటపాటల వృత్తిలో ఉండే గెయిషాల తెల్ల ముఖమూ వద్దు, వారి వేషం వేరు, సందర్భం వేరు. చేతికి దేవదారు జాతి చెక్క రేకులతో చేసిన విసనకర్ర ఉండాలి. అసలుదానికి 39 రేకులు, రెండు కొసలకూ రంగు రంగుల పట్టు తాళ్లు వేలాడతాయి. మూసి పట్టుకుంటే చాలు.

*

చక్రవర్తి వేసుకునే గోధుమ పసుపు అంగీకి అద్దకం ఎర్రచందనంతో వేస్తారని, మన శేషాచలం కొండల దుంగలు అందుకే అటు పోతాయని ఇక్కడ ఒక మాట ఉంది. నిజమా? ఆ రంగు మా పద్ధతిలో తీయవచ్చా?
- ఒక కలంకారీ కళాకారుడు, శ్రీకాళహస్తి

ఆ అంగీకి ఎర్రచందనంతో సంబంధం లేదు. దాని పేరు 'కొరోజెన్ నో గోహో'. చక్రవర్తి తప్ప మరొకరు ఆ రంగు కట్టకూడదు. సాగ చక్రవర్తి 820లో దీన్ని నిర్ణయించాడు. ఇందులో పడేవి రెండు చెక్కలు. ఒకటి 'హజె', జపాన్‌లో మైనం తీసే చెట్టు నడిచెక్క, పసుపునిస్తుంది. రెండోది 'సుఓ', అంటే పతంగి చెక్క. కేరళలో దాహానికి కాచి తాగే ఎర్ర నీళ్లు దీనివే. ఎర్రచందనానికీ దీనికీ ఉన్న తేడా మీ చేతికి వెంటనే తెలుస్తుంది. పతంగి చెక్కను నీళ్లలో మరిగిస్తే రంగు దిగుతుంది. ఎర్రచందనం ఎరుపు నీటికి దిగదు, సారాయి లాంటి ద్రవం కావాలి. నీళ్ల గంగాళాల మీద నడిచే అద్దకంలో అది ఒదగదు.

కొలతలు 927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే దర్బారు నిబంధనల గ్రంథంలో ఉన్నాయి. ఒక తాను నేత పట్టుకు హజె 14 కిన్‌లు, పతంగి 11 కిన్‌లు, పులిసిన కాడి 2 షోలు, బూడిద 3 కొకులు, వంటచెరకు 8 మోపులు. కిన్ అంటే తర్వాతి కాలపు కొలతలో 600 గ్రాములు. ఒక కొకు నూరు షోలు. అంటే కాడి రెండు పాళ్లయితే బూడిద మూడు వందల పాళ్లు. అంత బూడిద ఎందుకన్నది మీకు చెప్పనక్కర్లేదు. మీరు పటిక వేసే చోట వాళ్లు బూడిద తేట వాడారు. జపాన్ రంగరులు కమేలియా చెట్టు బూడిదను మెచ్చుకుంటారు, అందులో అల్యూమినియం ఎక్కువ. పటికలో పని చేసేదీ అదే.

మీ పద్ధతిలో తీయాలంటే చెక్కల పాళ్లు 14కు 11 దగ్గర పట్టుకోండి. పసుపు ముందు, ఎరుపు తర్వాత. రెండూ ఒకే కుండలో వేస్తే పతంగి పసుపును మింగేస్తుంది. హజె ఇక్కడ దొరకదు కాబట్టి పసుపుకు మీరు వాడే దానిమ్మ తొక్క సరే, కానీ దానిలో కరక్కాయలో ఉన్నట్టే వగరు ఎక్కువ. ఆ వగరుకు ఏ కొంచెం ఇనుము తగిలినా నలుపు తిరుగుతుంది. పతంగికీ ఇనుమంటే అదే గతి, ఎరుపు పోయి ఊదా నలుపు వస్తుంది. మీ కసిం (ఇనుము, బెల్లం పులియబెట్టిన నల్ల రంగు) కుండ పెట్టే చోట ఈ పని పెట్టుకోకండి. ఇనుప బాణలి వద్దు, రాగిదో స్టీలుదో వాడండి, బోరు నీళ్లలో తుప్పు ఉంటే వాననీళ్లు పట్టుకోండి. కాళహస్తి నూలు గుడ్డకు పాలు, కరక్కాయ పట్టించినట్టు పట్టుకు అవసరం లేదు, పట్టు తనంతట తానే రంగు పట్టుకుంటుంది. ఒక్క ముంపుతో ఆశించిన ఛాయ రాదు. ముంచడం, బూడిద తేటలో ఆడించడం, నీడన ఆరబెట్టడం, మళ్లీ ముంచడం. ఈ రంగు నీడలో గోధుమగా ఉండి, ఎండ తగిలితే లోపలి ఎరుపు పైకి తేలుతుంది. ఆ రెండూ కనిపించే దాకా ముంపులు సాగాలి. ఎర్ర పాలు ఎక్కువైతే ఇటుక రంగు, తక్కువైతే పసుపు మాత్రమే, మధ్యలో నిలిపే చోటు చాలా సన్నం. ఎండకు పతంగి వెలిసిపోతుందన్నది మాత్రం మరవద్దు, పట్టుగుడ్డను ఎండలో ఆరేస్తే పడ్డ కష్టం పోతుంది.

*

2019లో పట్టాభిషేకం ఫొటోల్లో చక్రవర్తి ఒకదానిలో తెల్లబట్టలు, ఒకదానిలో గోధుమ రంగు, ఇంకోదానిలో ఇంగ్లీషు కోటు వేసుకున్నారు. ఏది అసలైనది?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పుత్తూరు

మూడూ అసలైనవే, పని వేరు. 2019 అక్టోబర్ 22న ఉదయం నరుహితో చక్రవర్తి రాజభవనంలోని దేవస్థానాల్లో విన్నవించుకున్నది తెల్లటి పట్టు అంగీలో. మధ్యాహ్నం సింహాసన మండపం నుంచి ప్రకటన చేసింది కొరోజెన్‌లో. అప్పటి మన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ హాజరైనది ఆ వేడుకకే. రాత్రి విందుకు తోక కోటు. దేవుడి ముందు తెలుపు అన్నది కొత్తగా పెట్టుకున్నది కాదు, 820 నాటి ఆజ్ఞలోనే దైవకార్యానికి తెల్లపట్టు అని ఉంది. అదే ఏడాది నవంబర్ 14 రాత్రి నుంచి 15 తెల్లవారుజాము దాకా కొత్త బియ్యం నివేదించే దైజోసై క్రతువులోనూ ఆయన కట్టింది తెలుపే. ఇంగ్లీషు కోటు 1872లో ప్రభుత్వ లాంఛన దుస్తులైంది. పాత దుస్తులు అప్పటి నుంచి పూజలకూ పట్టాభిషేకాలకూ మిగిలాయి.

మీ ప్రశ్నలో లేని ఒక మలుపు కూడా చెప్పాలి. పట్టాభిషేకానికి కొరోజెన్ అన్నది అంత పాతది కాదు. 1847లో కొమెయి చక్రవర్తి దాకా పట్టాభిషేకానికి చైనా తీరు ఎర్ర అంగీ, ముందు పూసల దండలు వేలాడే కిరీటం వాడేవారు. 1868లో మెయిజి చక్రవర్తి పట్టాభిషేకానికి దాన్ని పక్కన పెట్టి కొరోజెన్‌ను ముందుకు తెచ్చారు.

నారింజ రంగులో కనిపించేది యువరాజు అంగీ, 'ఓని'. కుసుమ పువ్వు ఎరుపు, గార్డీనియా కాయ పసుపు కలిపి అద్దేది. 2020 నవంబర్ 8న అకిషినోను యువరాజుగా ప్రకటించిన లాంఛనాల్లో కనిపించింది అదే.

*

మగవాళ్ల అంగీ నడుము దగ్గర సంచిలా ఉబ్బి కనిపిస్తుంది. కుట్టులో లోపమా, కావాలని చేసిందా? గుండీలు లేకుండా మెడ ఎలా మూస్తారు?
- ఒక దర్జీ, చిత్తూరు

కావాలని చేసిందే. మగవారి పూర్తి దర్బారు వేషాన్ని 'సొకుతై' అంటారు. దానిలో పై అంగీ 'హో' మనిషి కంటే బాగా పొడవుగా కుడతారు. తొడిగాక నడుము దగ్గర పైకెత్తి, మిగులు గుడ్డను వెనక సంచిలా మడిచి, పైన పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ 'సెకితై', నల్ల లక్క పూసిన తోలు, వెనకవైపు రాతి బిళ్లలు వరసగా ఉంటాయి. పొడవును మనిషికి తగ్గించే పని కత్తెర కాదు, మడతే చేస్తుంది. అందుకే ఒకే అంగీ కొంత ఎత్తు తేడా ఉన్న ఇద్దరికి సరిపోతుంది.

మెడకు గుండీ లేదన్నది పూర్తిగా నిజం కాదు. గుండ్రటి మెడ, కుడి భుజం దగ్గర గుడ్డతోనే చుట్టిన చిన్న గుబ్బ, దానికి ఎదురుగా ఒక కొలికి. ఆ గుబ్బను 'తొంబొగషిర' అంటారు, తూనీగ తల అని. మన పాత కుర్తాలకు గుడ్డ ముడి గుండీలు కుట్టేవారే, ఆ లెక్కే. కొలికి వదులైతే మెడంతా వాలిపోతుంది కనుక ఆ ఒక్క చోట కుట్టు రెండింతలు గట్టిగా ఉండాలి.

దర్జీగా మీరు మెచ్చుకునే చోటు ఇంకొకటి ఉంది. పౌర అధికారుల అంగీ రెండు పక్కలా మూసి కుట్టేది. పక్కలు మూస్తే అడుగు పడదు. అందుకని కింద అడ్డంగా 'రన్' అనే పట్టీ కుట్టి, రెండు పక్కలా దాని కొసలను బయటికి తన్నుకొచ్చేట్టు వదులుతారు. ఆ కొసలు విప్పారి కాలికి చోటిస్తాయి. సైనిక అధికారుల అంగీకి పక్కలు తెరిచే ఉంటాయి, ఆ పట్టీ ఉండదు. స్వారీకీ విల్లుకీ అది అనువు. ఒకే అంగీ, చేసే పనిని బట్టి రెండు కోతలు.

హో లోపల నుంచి నేల మీద వెనక్కి జీరాడేది 'షితగసనె' అనే లోపలి అంగీ తోక. హోదా పెరిగిన కొద్దీ ఆ తోక పొడవు పెరిగింది. తర్వాత దాన్ని విడిగా కుట్టి నడుముకు కట్టే పద్ధతి వచ్చింది. తలమీది 'కన్మురి' నల్ల లక్క పట్టించిన జల్లి పట్టు. వెనక నిలువుగా లేచిన భాగం ఒకప్పుడు సిగ కోసం. సిగలోంచి అడ్డంగా పుల్ల దూర్చితే టోపీ కదిలేది కాదు. సిగలు పోయాక గడ్డం కింద తాడు కట్టాల్సి వచ్చింది. చక్రవర్తి కన్మురికి వెనక తోక నిటారుగా నిలబడి ఉంటుంది, మిగిలినవారికి వంగి వేలాడుతుంది. ఫొటోలో ఎవరు చక్రవర్తో దానితోనే గుర్తుపట్టవచ్చు. చేతిలో పట్టే సన్నటి చెక్క పలక 'షకు'. ఒకప్పుడు దాని వెనక కాగితం అంటించి, దర్బారులో చెప్పవలసిన వరస రాసుకునేవారు.

*

మేము బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పట్టుపురుగు రకం) పెంచుతున్నాం. ఆ దుస్తులకు జపాన్‌లో ఏ రకం పురుగు పట్టు వాడతారు? ఆ రకం మాకూ లాభమా?
- ఒక పట్టు రైతు, పలమనేరు

రాజభవనం ఆవరణలో మొమిజియమ అనే చోట ఒక పట్టు పెంపకశాల ఉంది. 1871లో అప్పటి చక్రవర్తిని మొదలుపెట్టిన ఈ పనిని తర్వాతి చక్రవర్తినులు అందిపుచ్చుకున్నారు. ఆకు వేయడం, పురుగులు గూళ్లు కట్టడానికి గడ్డితో చంద్రికలు అల్లడం, గూళ్లు ఏరడం వారు స్వయంగా చేస్తారు. అక్కడ పెంచే రకాల్లో పేరున్నది 'కొఇషిమరు', జపాన్ పాత రకం. గూడు చిన్నది, నడుము నొక్కినట్టు వేరుశనక్కాయ ఆకారంలో ఉంటుంది. పోగు చాలా సన్నం, మెరుపు ఎక్కువ. దిగుబడి మాత్రం ఇప్పటి హైబ్రిడ్ల ముందు నిలవదు, అందుకే బయటి రైతులు వదిలేశారు. రాజభవనంలోనూ ఆపేద్దామన్న మాట వచ్చినప్పుడు మిచికో చక్రవర్తిని ఉంచమన్నారు. ఆ నిర్ణయం విలువ తర్వాత తెలిసింది. నారా నగరంలోని షోసోఇన్ ఖజానాలో 8వ శతాబ్దపు గుడ్డలున్నాయి. వాటికి అచ్చు నకళ్లు నేయడానికి అంత సన్నటి పోగు కావలసి వచ్చి, 1994 నుంచి ఈ పట్టునే వాడారు. ఇప్పటి లావు పోగుతో నేస్తే పాత నేత పలుచదనం రాదు.

మీకు లాభమా అంటే, కాదు. గూళ్ల మార్కెట్లో మీకు ధర కట్టేది బరువుకూ, పోగు పొడవుకూ. కొఇషిమరు ఆ రెండింటిలోనూ ఓడిపోతుంది. మీరు పెంచుతున్నవే మీకు సరైనవి.

*

ఆ పై అంగీ మీద గుండ్రటి బుటాలు నేతలోవా, కుట్టినవా?
- ఒక మగ్గం నేతగాడు, నారాయణవనం

నేతలోవే. ఉవగికీ కరగినుకూ వాడేది 'ఫుతయె ఒరిమొనొ', రెండంతస్తుల నేత. అడుగున ఒక రంగు పట్టులో ఏటవాలు నేతతో సన్నటి డిజైను పరుచుకుని ఉంటుంది. దాని మీద వేరే రంగు పేక పోగు, బుటా ఉన్న చోట మాత్రమే అదనంగా పడుతుంది. మీరు బుటాకు అదనపు పేక వేసేదీ ఇదే సూత్రం. తేడా ఎక్కడంటే, మనం సాదా నేల మీద బుటా వేస్తాం, వాళ్లు డిజైను ఉన్న నేల మీద వేస్తారు. కింది డిజైను గళ్లూ పై బుటా గుండ్రమూ ఒకదానికొకటి లెక్క కుదరకపోతే బుటా అంచు పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. నకషా గీసేటప్పుడే పై బుటా వెడల్పు కింది డిజైనుకు సరి గుణిజంగా పెట్టుకోవాలి. కొరోజెన్ మీద ఉండేవి పౌలోనియా చెట్టు, వెదురు, హోఓ అనే పురాణ పక్షి, కిరిన్ అనే పురాణ మృగం. అది మాత్రం ఒకే రంగు నేత, వెలుతురు పడ్డప్పుడే బొమ్మ తేలుతుంది.

*

పాత పట్టుచీరలు దాచడానికి జపాన్ పద్ధతి ఏమైనా ఉందా? కర్పూరం, కలరా ఉండలు రెండూ వేస్తున్నాం, అయినా మరకలు వచ్చాయి.
- ఒక గృహిణి, తిరుచానూరు

మరక ఆ రెండూ కలవడం వల్లే అమ్మా. కర్పూరం, కలరా ఉండలు విడివిడిగా ఉంటే ఆవిరై పోతాయి. ఒకే పెట్టెలో తగులుకుంటే మెత్తబడి నీరుగారతాయి, ఆ జిడ్డు పట్టులోకి దిగుతుంది. ఒక్కటే వాడండి, అదీ గుడ్డకు తగలకుండా కాగితంలో చుట్టి పెట్టె పై భాగంలో. ఈ ఆవిర్లు బరువైనవి, పైనుంచి కిందికి దిగుతాయి. జరీ ఉన్న చీరకు ఏదీ నేరుగా తగలకూడదు.

జపాన్‌లో 'ముషిబొషి' అంటారు, తేమ తక్కువగా ఉండే పొడి రోజు చూసి దుస్తులన్నీ తీసి నీడలో గాలికి ఆరేయడం. వాన పడ్డ మర్నాడు చేయరు, గాలిలో తేమ ఉంటుంది. మనకు అందుకు అనువైనవి సంక్రాంతి తర్వాతి రోజులు. పొద్దు బాగా ఎక్కాక తీసి, సాయంత్రం మంచు దిగకముందే లోపల పెట్టేయండి. మడత పెట్టేటప్పుడు పాత గీత మీదే మడవకుండా రెండు అంగుళాలు జరపండి. ఎప్పుడూ ఒకే గీత మీద మడిస్తే అక్కడే జరీ విరిగి, పట్టు చిరుగుతుంది.